నాలుగు హెర్ట్జ్ శబ్దం వింటే పార్కిన్సన్ మాత్ర మానవచ్చా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. పార్కిన్సన్ (వణుకు, బిగుసుకుపోవడం తెచ్చే మెదడు జబ్బు) రోగి ముఖంలో ఆశ్చర్యం కనబడకపోతే బుద్ధి మందగించినట్టేనని, ఒక్క ఈఈజీతో (మెదడు విద్యుత్ లయలను నమోదు చేసే పరీక్షతో) అది తేలిపోతుందని, ఇయర్‌ఫోన్లలో నాలుగు హెర్ట్జ్ (సెకనుకు నాలుగు సార్లు ఊగే) శబ్దం వింటే మెదడు లయ చక్కబడి ఈ జబ్బుకు వాడే ముఖ్యమైన మందు లెవోడోపా మాత్రలు మానేయవచ్చని దాని సారాంశం.

మొదటి మాట తప్పు. ముఖకవళికలు తగ్గడం ఈ వ్యాధిలో కండరాల కదలికకు సంబంధించిన లక్షణం. భువనేశ్వర్‌లో చదువుతున్న మనుమడు చెప్పకుండా వచ్చి గుమ్మంలో నిలబడినా తాతగారి ముఖం మారకపోవచ్చు. అంతమాత్రాన ఆయనకు సంతోషం కలగలేదని గాని, విషయం అర్థం కాలేదని గాని చెప్పడానికి వీల్లేదు.

పరిశోధకులు ‘ఆశ్చర్యం’ అని పిలిచేది వేరొకటి. ఒకే రకం శబ్దాలు వరుసగా వినిపిస్తూ మధ్యలో అరుదుగా వేరే శబ్దం వినిపిస్తే, సుమారు 300 మిల్లీసెకన్లకు మెదడులో ఒక విద్యుత్ స్పందన పుడుతుందని 1965 నుంచి తెలుసు. ఇటువంటి ఊహించని సంఘటనలకు నుదుటి వెనుక మధ్యభాగంలో సెకనుకు 1 నుంచి 8 సార్లు ఊగే నెమ్మది లయలు ఒక్కసారిగా బలపడతాయి. ఆలోచనాశక్తి తగ్గిన పార్కిన్సన్ రోగుల్లో ఈ స్పందన బలహీనంగా ఉంటున్నట్టు అధ్యయనాలు చూపాయి. సందేశం రాసినవారు పట్టుకున్న సగం నిజం ఇదే. వారు వదిలేసిన మిగతా సగం ఏమిటంటే, పార్కిన్సన్‌తో చిత్తవైకల్యం (డిమెన్షియా) వచ్చినవారిలో, ఏ పనీ లేకుండా విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈఈజీలో ఇవే నెమ్మది లయలు తగ్గడానికి బదులు పెరుగుతాయి. అంటే కావలసింది నెమ్మది లయ ఎక్కువ కావడం కాదు, అవసరమైన క్షణంలో అది పలకడం. రోజంతా ఒకే తీరున మోగే శబ్దం ఆ సమయస్ఫూర్తిని ఎలా ఇస్తుందో సందేశంలో ఎక్కడా లేదు.

పైగా నాలుగు హెర్ట్జ్ శబ్దం మనిషి చెవికి వినబడదు. మన వినికిడి దాదాపు 20 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఇటువంటి శబ్దం వినిపిస్తామనే యాప్‌లు చేసేది ఒక చెవిలో 250, రెండో చెవిలో 254 హెర్ట్జ్ వంటి జంటను వినిపించి తేడాను భ్రమగా పుట్టించడమే. ఇక కదలికలు నెమ్మదించడానికి, బిగుసుకుపోవడానికి సంబంధించి ఎక్కువగా అధ్యయనం చేసిన లయ మరొకటి: మెదడు లోతున 13 నుంచి 30 హెర్ట్జ్ మధ్య పెరిగే బీటా. దాన్ని తగ్గించేవాటిలో ముఖ్యమైనది వారు మానమంటున్న లెవోడోపాయే.

ఈఈజీ విషయానికి వస్తే, పైన చెప్పిన తేడాలు బృందాల సగటులో కనబడినవి. నిద్రమత్తు, వయసు, ఇతర మందులు కూడా లయలను మారుస్తాయి. ఒక వ్యక్తి ఆలోచనాశక్తిని తేల్చడానికి వైద్యుడి పరీక్ష, ఇంట్లోవారు చెప్పే వివరాలు కావాలి. మన ప్రాంతంలో ఇంకొకటి గమనించాలి: తెలుగులో ఆలోచించే పెద్దవారిని ఒడియాలో ప్రశ్నిస్తే మార్కులు తగ్గడం వ్యాధి వల్ల కాకపోవచ్చు, అందువల్ల వెంట దుబాసీగా ఒకరు ఉండాలి.

లెవోడోపాను హఠాత్తుగా ఆపితే శరీరం తీవ్రంగా బిగుసుకుపోయి, అధిక జ్వరం, అయోమయం వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. సందేశం నమ్మి ఇప్పటికే మానేసినవారు తమంతట తాము మోతాదు నిర్ణయించుకోకుండా ఈ రోజే వైద్యుడిని సంప్రదించాలి; జ్వరం, బిగుసుకుపోవడం మొదలైతే నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.