చలికన్నా ఇల్లు దొరకడమే కష్టం

స్వీడన్ వెళ్లేవారికి చలే పెద్ద పరీక్ష అని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోను. చలికి మంచి కోటు, బూట్లు ఉంటే చాలు. అసలు తలనొప్పి ఇల్లు. స్టాక్‌హోమ్‌లో యజమానితో నేరుగా అద్దె ఒప్పందం కుదరాలంటే నగర గృహ కేటాయింపు సంస్థ జాబితాలో పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. నగరం నడిబొడ్డున కావాలంటే 10 ఏళ్లు దాటినా ఆశ్చర్యం లేదు. అందుకే కొత్తవాళ్లు అద్దెకున్నవారి దగ్గరే మళ్లీ అద్దెకు దిగుతారు. మా తమ్ముడూ మరదలూ అలాగే చంటిబిడ్డను ఎత్తుకుని, కుక్కరూ పరుపూ మోసుకుంటూ ఇల్లు మీద ఇల్లు మారారు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మరో చిక్కుముడి వ్యక్తిగత సంఖ్య, అంటే అక్కడ నివసించేవారికి ఇచ్చే, మన ఆధార్ లాంటి గుర్తింపు సంఖ్య. పన్నుల శాఖ నుంచి అది రానిదే బ్యాంకు ఖాతా తెరవడం గగనం. ఖాతా లేనిదే ఫోనులో బ్యాంక్ ఐడీ, అంటే ఆన్‌లైన్‌లో మనమెవరో రుజువు చేసే డిజిటల్ గుర్తింపు, రాదు. అది లేనిదే ఆన్‌లైన్‌లో ఏ పనీ సాగదు. పోనీ నగదుతో నెట్టుకొద్దామని మరదలు కూరగాయల దుకాణంలో నోట్లు తీస్తే నగదు తీసుకోబోమన్నారట!

ఏడాదికన్నా తక్కువ ఉండేవారికి సాధారణంగా ఆ సంఖ్య ఇవ్వరు. కాబట్టి ఉద్యోగ ఒప్పందంలో గడువు ఎంతో చూసుకున్నాకే సంతకం చేయండి. మొదటి కొన్ని నెలలకైనా ఇల్లు చూపించమని కంపెనీని గట్టిగా అడగండి, మొహమాటపడకండి.