చుక్కల మందు మానేయమంటున్న ఆ సందేశం

గంజాయిలోని కన్నాబినాయిడ్లనే రసాయనాలు కంటిలో ఒత్తిడిని పసిగట్టే నరాలను శాంతింపజేస్తాయని, దాంతో నీటికాసులు (గ్లకోమా, సాధారణంగా కంటిలో ఒత్తిడి పెరిగి చూపును తినేసే జబ్బు) వేళ్లతో సహా పోతాయని, కాబట్టి చుక్కల మందు మానేసి నాలుక కింద సీబీడీ (గంజాయిలోనే ఉండే, మత్తు కలిగించని ఒక కన్నాబినాయిడ్) నూనె వేసుకుంటే రెండు నెలల్లో తేడా మీకే తెలుస్తుందని చెప్పే సందేశం నాకు మళ్లీ మళ్లీ వస్తోంది. పంపుతున్నవారు నా మంచి కోరేవారే, పైగా చదువుకున్నవారు. చిరాకు అందుకే.

ప్రకృతి సిద్ధం కనుక హాని లేదట. ఉమ్మెత్తా ప్రకృతి సిద్ధమే, కంట్లో పడితే కనుపాపను విప్పార్చి కొందరిలో ఒత్తిడిని ఒక్కసారిగా పెంచగలదు. వేల ఏళ్లుగా వాడుతున్నారట. ఆ వేల ఏళ్లలో కంటి ఒత్తిడిని కొలిచినవారెవరు?

ఇక నరాల సంగతి. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాలోని నరాలపై కన్నాబినాయిడ్లు పనిచేస్తాయన్నది నిజమే. జంతువులపై జరిగిన ప్రయోగాలలో కొన్ని కార్నియా నొప్పిని తగ్గించాయి కూడా. కానీ ఆ నరాలు మొద్దుబారితే ఒత్తిడి తగ్గుతుందా? డాక్టరు ఒత్తిడి కొలిచే ముందు ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. మత్తు చుక్క వేస్తారు, నీలి వెలుగులో చిన్న గాజుమొన కార్నియాకు ఆనుతుంది, మనకు ఏమీ తెలియదు. నరాలు పూర్తిగా మౌనంగా ఉన్న ఆ క్షణంలో కూడా 30 ఉన్న ఒత్తిడి 30గానే కనిపిస్తుంది. నరాలను జోకొడితే జబ్బు పోయేదైతే ఆ మత్తు చుక్కతోనే అందరికీ ఎప్పుడో నయమై ఉండేది! నిజానికి ఈ జబ్బులో దెబ్బతినేవి ఆ నరాలు కానేకావు. రెటీనా నుంచి మెదడుకు వెళ్లే పది లక్షలకు పైగా ఉన్న నరపు పోగులు కంటి వెనుక జల్లెడలాంటి పొర దగ్గర నలిగిపోతాయి, నలుగుతున్నప్పుడు నొప్పి పుట్టదు.

గంజాయిలో మత్తు కలిగించే పదార్థం టీహెచ్‌సీ కంటి ఒత్తిడిని తగ్గిస్తుందన్నది మాత్రం నేను కాదనను. 1971లోనే అది తేలింది; తగ్గుదల దాదాపు నాలుగో వంతు దాకా ఉంటుంది. అయితే ఆ ఫలితం నిలిచేది మూడు, నాలుగు గంటలే, కాబట్టి రోజంతా నిలవాలంటే ఆరు నుంచి ఎనిమిది సార్లు తీసుకుని, అర్ధరాత్రి కూడా లేచి, రోజంతా మత్తులోనే ఉండాలి. రక్తపోటు పడిపోతే కంటి నరానికి అందే రక్తం తగ్గే ప్రమాదం కూడా ఉంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది సీబీడీ నూనె సలహా. ఆ సందేశం టీహెచ్‌సీ పేరు మీద వచ్చిన ఫలితాన్ని చూపించి, చేతిలో వేరే పదార్థం పెడుతోంది. 2006లో ఆరుగురిపై చేసిన చిన్న పరీక్షలో నాలుక కింద ఇచ్చిన 5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఒత్తిడిని కొద్దిసేపు తగ్గించింది. 40 మిల్లీగ్రాముల సీబీడీ తాత్కాలికంగానైనా పెంచింది. 2018లో ఇండియానా విశ్వవిద్యాలయం వారు ఎలుకలపై చూసినప్పుడు సీబీడీ ఒత్తిడిని 18 శాతం పెంచడమే కాక, టీహెచ్‌సీ చేసే మేలును కూడా అడ్డుకుంది. అంటే ఈ సలహా పాటించినవారు ఒత్తిడిని తగ్గించే మందు మానేసి, దాన్ని పెంచే అవకాశమున్న పదార్థాన్ని వేసుకుంటున్నారు. రెండు నెలల్లో తేడా తెలుస్తుందని ఎవరు చెప్పారు? చూపు అంచుల నుంచి పోతుంది, ఆ ఖాళీని మెదడు పూడ్చేస్తుంది, పక్కనున్న తలుపు చెక్కకు భుజం తగిలేదాకా మనిషికి అనుమానమే రాదు. పోయిన పోగు తిరిగి రాదు.

అమెరికాలో నీటికాసుల కోసం గంజాయి వాడిన రాబర్ట్ రాండాల్ అనే రోగికి 1976లో న్యాయస్థానం అనుకూలంగా తీర్పునిచ్చిందని సందేశంలో ఉంది. అదీ నిజమే, అప్పట్లో ఉన్న మందులు ఆయనకు చాలని స్థితిలో ఆయన పోరాటం న్యాయమైనదని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ రాత్రికి ఒక్క చుక్కతో రోజంతా పనిచేసే లటానోప్రాస్ట్ అక్కడ ఆమోదం పొందింది 1996లో.

ఈ సందేశం నమ్మి ఎవరైనా చుక్కలు మానేసి ఉంటే, ఈ రాత్రే మళ్లీ మొదలుపెట్టండి. ఎన్నాళ్లు మానేశారో డాక్టరుకు దాచకుండా చెప్పి, ఒత్తిడితో పాటు చూపు పరిధిని కూడా పరీక్ష చేయించుకోండి.