సవరణ: ఇంధన కట్టలో కడ్డీలు 19 కాదు, 37

అణు విద్యుత్తుపై పత్రికలో వచ్చిన వ్యాసానికి మొన్న ఇచ్చిన జవాబులో, హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే ఇంధన కట్టకు (రియాక్టర్‌లో పెట్టే, యురేనియం నింపిన కడ్డీల మోపుకు) 19 కడ్డీలని ఉంది. ఆ లెక్క 220 మెగావాట్ల భారజల రియాక్టర్లకే. గుజరాత్‌లోని కాక్రాపార్ 3, 4 యూనిట్ల లాంటి 700 మెగావాట్ల వాటికి 37. రెండూ అర మీటరు పొడవే, రెండిట్లోనూ సహజ యురేనియమే.

హైదరాబాద్‌లో రియాక్టర్ నడుస్తోందన్న వ్యాసకర్త మాట మాత్రం ఉత్తదే. అక్కడ జరిగేది ఇంధన తయారీ: యురేనియం డయాక్సైడ్ పొడిని బిళ్లలుగా నొక్కి, హైడ్రోజన్ వాయువులో దాదాపు 1,700 డిగ్రీల దగ్గర కాల్చి, జిర్కలాయ్ (జిర్కోనియం మిశ్రలోహం) గొట్టంలో పేర్చి, రెండు చివరలూ వెల్డింగ్ చేస్తారు; అదే ఒక కడ్డీ. అసలు తంటా తేమతో. లోపల కాస్త మిగిలినా అందులోని హైడ్రోజన్‌ను జిర్కోనియం పీల్చుకుని పెళుసెక్కుతుంది. గొట్టానికి లోపలి నుంచే చిల్లు పడుతుంది. హీలియం లీకు పరీక్ష వెల్డు పగులును పడుతుంది గానీ ఈ తేమను పట్టదు. ఆరబెట్టడమేదో మూత వేయకముందే కావాలి.