మహారాజశ్రీ శీతాకాలం చార్టు గారికి

మహారాజశ్రీ గోడమీది శీతాకాలం చార్టు గారి దివ్యసముఖానికి, మూడో తరగతి టీచరు నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. తమరి క్షేమం అడగనక్కర్లేదు. లామినేషన్ చేయించుకున్నవారికి నడి చలికాలంలోనూ జలుబు చేయదు.

ముందుగా తమరి పదవీకాలం గురించి. తమరు గోడెక్కింది ఒక్క పాఠం కోసం. ఆ పాఠం రెండు వారాల్లో అయిపోయింది. తర్వాత ఎండలు ముదిరాయి, ఫ్యాన్లు తిరిగాయి. ఆ ఫ్యాను గాలికే రెపరెపలాడుతూ తమరు మాత్రం "స్వెట్టరు వేసుకోండి, చెవులు కప్పుకోండి" అని ఉపదేశిస్తూనే ఉన్నారు. వానలకు గోడ చెమ్మగిల్లి తమరి కింది మూల ఊడితే టేపు వేసి మరీ నిలబెట్టింది నేనే. స్టూలెక్కి మేకు కొట్టేటప్పుడున్న ఉత్సాహం దించేటప్పుడు ఉండదు మరి. పైగా తమరి వెనక గోడకి పెచ్చులూడాయి. ఈ ముక్క మన మధ్యే ఉండాలి.

తమరి వంశం గొప్పదే, కాదనను. 1658లో కొమీనియస్ అనే పంతులు పిల్లల కోసం బొమ్మల పాఠ్యపుస్తకం అచ్చువేయించాడు. బొమ్మలో ప్రతి వస్తువుకీ ఒక అంకె, పక్కన అదే అంకెతో దాని పేరు. పిల్లవాడు వేలు పెట్టి వెతుక్కోవాలి. అంటే ఆ బొమ్మకి వేలితోనే పని. తమరి దగ్గరికి ఎవరి వేలూ రాదు. తమరిని వేలాడదీసింది నా తలకంటే ఎత్తులో. ముందు బెంచీ పిల్లలకు తమరి అడుగు అంచు కనిపిస్తుంది, వెనక బెంచీ వాళ్లకు ఏదో నీలంగా కనిపిస్తుంది. స్పష్టంగా కనిపించేది తనిఖీకి వచ్చే పెద్దమనిషికి ఒక్కడికే. ఆయన గుమ్మంలోనే ఆగి "చార్టులు బాగున్నాయే" అంటాడు. ఇంతవరకూ ఒక్కరూ దగ్గరికెళ్లి చదివిన పాపాన పోలేదు. చదివి ఉంటే ఈ ఉత్తరం వాళ్లే రాసేవారు.

ఎందుకంటారా? తమరి నెత్తిన కిరీటంలా మంచు పలుకులున్నాయి చూశారూ, వాటికి ఎనిమిదేసి కొమ్మలు. మంచు పలుకుకు ఎప్పుడూ ఆరే ఎందుకుంటాయని 1611లోనే కెప్లర్ అనే ఖగోళ శాస్త్రవేత్త బుర్ర బద్దలుకొట్టుకుని దానిమీద చిన్న పుస్తకమే రాశాడు. 1885 నుంచి బెంట్లీ అనే అమెరికా రైతు సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి ఐదువేలకు పైగా మంచు పలుకుల ఫొటోలు తీశాడు. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరు మూలల గూడు కట్టుకుంటాయి. అందుకే ఆరు. అరుదుగా మూడో, పన్నెండో. ఎనిమిది ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. కాగితాన్ని సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడిచి కత్తెర పెట్టినచోట పుడుతుంది. సులువని అలా మడుస్తాం. ఆరు రావాలంటే ఒక మడతని మూడు భాగాలు చేయాలి, అది కాస్త కష్టం. తమరిని గీసినాయన కష్టపడలేదు, అంతే.

పెంగ్విన్, ధ్రువపు ఎలుగుబంటి భుజాలు కలిపి నిలబడిన ముచ్చట గురించి ఎక్కువ చెప్పను. ఒకటి దక్షిణాన, ఇంకొకటి ఉత్తరాన. ఇద్దరికీ చలికాలం ఒకే నెలలో కూడా రాదు.

చెరువు సంగతి మాత్రం వదలను. తమరు దాన్ని అడుగుదాకా గడ్డకట్టించేశారు. చేపలెక్కడికి వెళ్లాయని రెండో బెంచీ పిల్ల అడిగితే తమరు నోరు మెదపలేదు, నేను చెప్పాల్సి వచ్చింది. నీళ్లు అన్నిటికన్నా బరువెక్కేది 4 డిగ్రీల దగ్గర. ఆ నీళ్లు అడుగుకి చేరతాయి, ఇంకా చల్లబడినవి పైన మిగిలి గడ్డకడతాయి, ఆ గడ్డ తేలుతుంది. దాని కింద చేపలు బతుకుతాయి.

ఇక అసలు నేరానికి వస్తాను. తమరి నడుమ భాగాన సూర్యుడు, చుట్టూ సాగదీసిన రబ్బరు బ్యాండులాంటి దారి, ఆ దారి కొసన వణుకుతున్న భూమి, కింద "శీతాకాలం" అని అక్షరాలు. పరీక్షలో "చలికాలం ఎందుకు వస్తుంది?" అన్నాను. తరగతిలో సగంమంది "సూర్యుడు దూరంగా పోతాడు గనక" అని రాశారు. నేనలా చెప్పలేదు. నేను చెప్పింది గాలికి పోయింది, తమరు చూపించింది బుర్రలో దిగింది. బొమ్మ బలం గురించి శిక్షణ తరగతుల్లో చెప్పేదంతా నిజమేనని ఆ రోజు ఒప్పుకున్నాను.

భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరయ్యేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి. భూమి ఉత్తరపు సగం చలికి వణికేది సరిగ్గా అప్పుడే. జులైలో ఆ దూరం 15.2 కోట్లు. ఆ దారిని మీటరు వెడల్పున నిజాయితీగా గీస్తే పొడవుకీ వెడల్పుకీ తేడా మిల్లీమీటరులో ఏడో వంతు. స్కెచ్ పెన్ను గీత అంతకంటే లావు. సూర్యుడు కేంద్రం నుంచి ఎనిమిది మిల్లీమీటర్లు పక్కకి జరుగుతాడు, అంతే. అసలు కారణం భూమి 23.5 డిగ్రీలు ఒరిగి తిరగడం. ఎండ ఏటవాలుగా పడుతుంది, పగలు కురచవుతుంది. ఒకే టార్చిని నేలమీదికి నిట్టనిలువుగా ఒకసారి, వంచి ఒకసారి వేసి చూపిస్తే మూడు నిమిషాల్లో తెలిసిపోయింది. టార్చికి లామినేషన్ అక్కర్లేదు.

తమరొక్కరే ఉన్నా సర్దుకుపోయేదాన్ని. తమరి పక్కన వర్షాకాలం, దాని పక్కన మన శరీర భాగాలు, పైన సద్గుణాలు, కింద రవాణా సాధనాలు. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు 24 మంది చిన్నపిల్లలకు ఆరు సైన్సు పాఠాలు చెప్పారు. మూడు పాఠాలు బొమ్మలతో నిండిన గదిలో, మూడు బోసి గోడల మధ్య. బోసి గదిలో చెప్పిన పాఠాలకు నూటికి 55 మార్కులొస్తే, అలంకరించిన గదిలోవాటికి 42. ఇది చదివాక పిల్లవాడు గోడవైపు చూస్తున్నాడని కోప్పడటానికి నాకు నోరు రాలేదు. వాడు చూస్తున్నది నేను మేకు కొట్టి తగిలించినదే కదా!

అందుకే డిసెంబరు మొదట్లో తమరిని కిందికి దించాను. చింపడానికి కాదు, కంగారు పడకండి. వెనక్కి తిప్పితే తమరి వీపు తెల్లగా, ఖాళీగా ఉంది. ఇన్నేళ్లలో తమరిలో నాకు పనికొచ్చిన భాగం అదే. వరండా దాటి ఎండలో నేలమీద పరిచాం. నాలుగు మూలలకీ సుద్దతో గుర్తులు పెట్టాం, మళ్లీ అక్కడే పరవడానికి. ఒక అంచున జానెడు పుల్ల నిలబెట్టాం. గడియారం పన్నెండని కాదు, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న వేళ చూసి దాని కొసన మార్కరుతో చుక్క, పక్కన తేదీ. లామినేషన్‌మీద మార్కరు బాగానే పట్టింది, ఆ మేరకు కృతజ్ఞతలు.

చుక్కలు కొంచెం కొంచెంగా దూరం జరిగాయి. 20వ తేదీ దగ్గరికొచ్చేసరికి ఒకదానిమీద ఒకటి పడటం మొదలెట్టాయి. కొలిచిన పిల్లవాడు ఏడుపు మొహంతో వచ్చాడు. "టీచర్, నేను తప్పు పెట్టాను. నీడ కదలట్లేదు" అన్నాడు. వాడు తప్పేమీ పెట్టలేదు. జనవరిలో చుక్కలు వెనక్కి మళ్లాయి. ఆ వారమంతా వాడు తమరి వీపు దగ్గరికి ఇంకెవ్వరినీ రానివ్వలేదు.

ఇప్పుడు తమరు మళ్లీ గోడమీదే ఉన్నారు, కాకపోతే మొహం గోడవైపు, పిల్లల నడుం ఎత్తులో. పెచ్చులూడిన గోడ బయటపడింది. దాన్ని చూసి తనిఖీకి వచ్చినవారు సున్నం వేయించమని రాశారు, చార్టు తిప్పి ఎందుకు పెట్టారని సంజాయిషీ కూడా అడిగారు. రెండోదానికి జవాబు రాస్తున్నాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి స్టూలెక్కే విధేయురాలు

తా.క.: తిప్పేముందు తుడుద్దామని చూస్తే, పెంగ్విన్ పక్కన ఎవరో స్కెచ్ పెన్నుతో "దారి తప్పింది" అని రాసి ఉంది. చేతిరాత గుర్తుపట్టాను. అక్కడ మాత్రం తుడవలేదు.