స్టడీ అవర్ పెంచలయ్య, పాదాల కామాక్షి

(నెల్లూరు, వేదాయపాళెం. డిసెంబరు నెల, తెల్లారుజామున నాలుగున్నర. పెంచలయ్య రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో స్టడీ అవర్ల సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడు. ఈల మాత్రం కాలేజీకి తిరిగివ్వలేదు. కూతురు కామాక్షి అమెరికాలో, ఒహాయోలో పోడియాట్రీ, అంటే పాదాల వైద్యం, మొదటి సెమిస్టరు ముగించి సెలవులకి వచ్చింది.)

పెంచలయ్య: (లైటేసి, ఈల ఊది) కామాక్షమ్మా, లెయ్. నాలుగున్నరయింది. మా పిలకాయలు ఈపాటికి మొదటి చాప్టరు తిరగేసేవాళ్ళు.

కామాక్షి: తిరగేసేవాళ్ళు కాదు నాన్నా, పుస్తకం నిలబెట్టి దాని వెనక నిద్రపోయేవాళ్ళు. నేనూ అక్కడే చదివా. లైటార్పు.

పెంచలయ్య: రాత్రి పదిన్నరకే దుప్పటి కప్పావు. మీ అమ్మ నిన్ను కన్నప్పుడు కూడా ఎనిమిది గంటలు పడుకోలా.

కామాక్షి: పడుకోనిస్తే కదా. అప్పుడూ నువ్వు ఈల ఊదే ఉంటావు.

పెంచలయ్య: ఏడ్చింది నువ్వు!

కామాక్షి: పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలో. నిద్ర కోసి చదివితే చదివిందీ పోతుంది, మర్నాటి క్లాసూ పోతుంది. పరీక్ష వారంలో వంట మానేస్తా, వాకింగ్ తగ్గిస్తా, నిద్ర మాత్రం ముట్టుకోను. ఆరున్నరకి రా.

(ఆరు ఇరవై తొమ్మిదికి వచ్చాడు. వసారాలో కారం దోశ, పక్కన కామాక్షి గోడకి అంటించిన టైంటేబులు.)

పెంచలయ్య: ఇదేంది? ఎనిమిది నించి పన్నెండు క్లాసు. ఒకటి నించి మూడు ల్యాబు. మూడు నించి నాలుగు... నడక? నడిచేదానికి కూడా టైంటేబులేందబ్బా!

కామాక్షి: రాయకపోతే ఆ గంటని చదువు మింగేస్తుంది. కింద కూడా చూడు. రాత్రి తొమ్మిదిన్నరకి పుస్తకం మూత.

పెంచలయ్య: మూతకి కూడా టైమా! మేం తెరిచేదానికే పెట్టేవాళ్ళం.

కామాక్షి: మూసే టైము లేకపోతే నాలుగింటికి మొదలుపెట్టాల్సింది ఏడింటికి మొదలవుతుంది, రాత్రంతా ఉంది కదా అని. మా క్లాసులో సగం అవస్థ అదే. తెల్లారి రెండింటిదాకా లైటుంటుంది, లైటు కింద ఫోనుంటుంది.

పెంచలయ్య: అసలు పాదానికి ఏడేళ్ళ చదువేంది? డిగ్రీ మీద నాలుగేళ్ళు, దాని మీద ఆస్పత్రిలో శిక్షణ, అదే రెసిడెన్సీ, మూడేళ్ళు. మనిషి మొత్తానికి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళే గదా.

కామాక్షి: మొదటేడు మాకూ మనిషి మొత్తం ఉంటాడు. అనాటమీ, ఫిజియాలజీ, హిస్టాలజీ, బయోకెమిస్ట్రీ. పాదమే కదా అని తేలిగ్గా వచ్చినవాళ్ళు బయోకెమిస్ట్రీలో బోల్తా పడతారు.

పెంచలయ్య: అదెందుకు? అనాటమీ కష్టమని గదా చెప్తావు.

కామాక్షి: కష్టమే, కానీ కంటికి కనిపిస్తుంది, చేతికి దొరుకుతుంది, చదివినట్టు తృప్తిగా ఉంటుంది. దాంతో రోజంతా దానికే పోతుంది. బయోకెమిస్ట్రీ గమ్మున మూల కూర్చుని పరీక్ష రోజే లేస్తుంది. అందుకే సాయంత్రం కూర్చోగానే మొదటి నలభై నిమిషాలు దానికి. అది అయ్యాకే ఎముకలు.

పెంచలయ్య: మంచిది. ఇంక ఒక్కో పాఠం ఐదుసార్లు చదువు. ఐదోసారికి రాయి మీద చెక్కినట్టుంటుంది.

కామాక్షి: ఉండదు. 2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు ఇదే తేల్చారు. ఒక పాఠమిచ్చి కొందరిని మళ్ళీ మళ్ళీ చదవమన్నారు. ఇంకొందరిని చదివి, మూసి, గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాలకి అడిగితే చదివినవాళ్ళే గెలిచారు. వారానికి అడిగితే రాసినవాళ్ళు గెలిచారు.

పెంచలయ్య: అంటే మా కాలేజీది ఐదు నిమిషాల చదువంటావు.

కామాక్షి: నేననలా.

పెంచలయ్య: ఆదివారం పొద్దున వీక్లీ టెస్టు పెట్టిందెవురు? మీ రోడిగర్ కంటే ముందు నేను పెట్టా!

కామాక్షి: ఒప్పుకుంటా. నీ టెస్టు మంచిదే. నీ స్టడీ అవరే దండగ.

(ఈ మాటకి ఆయన సగం పొంగి సగం కుంగాడు. నిజం చెప్పాలంటే పాయింటు ఇద్దరికీ చెరిసగం. ఇద్దరూ ఒప్పుకోరు.)

పెంచలయ్య: మరి ఆ ఫోనులో టకటకా నొక్కుతా ఉండావే, అదేం చదువు?

కామాక్షి: కార్డులు. ముందు ప్రశ్న, వెనక జవాబు. తెలిస్తే ఆ కార్డు నాలుగు రోజులకో పది రోజులకో వస్తుంది, తెలియకపోతే ఇప్పుడే వస్తుంది. ఈ యాప్‌ని యాంకి అంటారు.

పెంచలయ్య: ఎన్నేస్తావు రోజుకి?

కామాక్షి: కొత్తవి 30. అంతకంటే ఆశపడితే మునిగినట్టే. రోజూ 30 వేస్తే కొన్ని వారాలకి పాతవే రోజుకి 200 దాటి వచ్చి పడతాయి. 100 వేసినవాళ్ళు నెల తిరక్కుండా యాప్ తీసేశారు.

పెంచలయ్య: మూడు రోజులు జ్వరమొస్తే?

కామాక్షి: కుప్ప పడుతుంది. అప్పుడు కొత్తవి ఆపేసి, పాతవి రోజుకి ఇన్నని వారంలో తెగ్గొట్టాల. ఒక్కరోజులో అంతా ముగించాలని కూర్చుంటే చూడకుండానే నొక్కుతాం. ఇంకో తప్పు, 'మడమ ఎముక గురించి రాయుము' అని ఒకే కార్డు. కార్డుకి ఒక్క ముక్కే ఉండాల. బొమ్మలో పేర్ల మీద మూతేసి ఒక్కోటీ అడిగించుకోవడం ఇంకా మంచిది. సీనియర్ల రెడీమేడ్ కార్డులు వేలల్లో దొరుకుతాయి, కానీ పరీక్ష పేపరు మా ప్రొఫెసరు స్లైడుల్లోంచి వస్తుంది.

పెంచలయ్య: ఫోనూ గీనూ లేకుండానే చెప్తా చూడు. రాత్రి నీ పుస్తకం తిరగేశా. (చేతులు కట్టుకుని) కాల్కేనియస్, టాలస్, నావిక్యులర్, క్యూబాయిడ్, క్యూనిఫారంలు మూడు, వెరసి ఏడు. మెటాటార్సల్స్ ఐదు. ఫలాంజెస్ పద్నాలుగు. పాదానికి మొత్తం 26 ఎముకలు!

కామాక్షి: ఫలాంజెస్ అంటే వేళ్ళ ఎముకలు. ఐదు వేళ్ళకి పద్నాలుగెట్లా వచ్చాయి?

పెంచలయ్య: పుస్తకంలో ఉండాది.

కామాక్షి: బొటనవేలికి రెండే. మిగతా నాలుగింటికి మూడేసి. సరే, నీ పాదం మీద నావిక్యులర్ ఎక్కడో వేలు పెట్టు.

(పెంచలయ్య ఆలోచించి మడమ మీద పెట్టాడు. ఆమె మొహం చూసి చిటికెనవేలి మీదికి జరిపాడు.)

కామాక్షి: చూశావా? పేర్లన్నీ వచ్చు, ఒక్కటీ తెలీదు. కాలిటియ్యి.

(పర్మనెంట్ మార్కరు తెచ్చింది.)

పెంచలయ్య: కూతురు తండ్రి కాళ్ళు పట్టుకోవడం బాగానే ఉంది. ఆ రంగేంది?

కామాక్షి: కదలబాక. లోపలి చీలమండ గుబ్బ నించి కిందికి, ముందుకి కాస్త జరిగితే గట్టిగా ఒక బొడిపె తగులుతుంది. అదే నావిక్యులర్‌ది. బయటి అంచు మధ్యలో ఇంకో బొడిపె, ఐదో మెటాటార్సల్ మొదలు. ఈ రెండూ దొరికితే మిగతావి వాటి మధ్య సర్దుకుంటాయి. ఇప్పుడు బొటనవేలు పైకెత్తు. తాడులా లేచింది చూడు, అది టెండను. దానికి బయటివైపు ఆనుకుని నాడి కొట్టుకుంటుంది. చూడు.

పెంచలయ్య: (బొటనవేలితో అదిమి) లేదమ్మా. (ఇంకా అదిమి) కామాక్షీ, నాడి లేదు! మీ అమ్మని పిలువు!

కామాక్షి: అంత గట్టిగా నొక్కితే నెత్తురు పారక ఆగిపోతుంది. పైగా బొటనవేలితో చూస్తే నీ వేలి నాడే నీకు తెలుస్తుంది. రెండు వేళ్ళు ఊరికే ఆనించు. కొందరికి అక్కడ దొరకదు కూడా. అప్పుడు లోపలి చీలమండ వెనక చూడాల.

పెంచలయ్య: ఆ... ఆ! కొట్టుకుంటా ఉండాది. బతికిపోయా.

కామాక్షి: చీలమండ వెనక ఇంకో తలనొప్పి ఉంది. ముందు నించి వెనక్కి టిబియాలిస్ పోస్టీరియర్, ఫ్లెక్సర్ డిజిటోరం అని రెండు టెండన్లు, ఆర్టరీ, నెర్వ్, ఆఖర్న ఫ్లెక్సర్ హాలుసిస్ టెండను. వరస తప్పితే మార్కు గల్లంతు. ఇంగ్లీషులో దానికో వాక్యం ఉంది, నాకెప్పుడూ తికమకే.

పెంచలయ్య: ట, డ, ఆ, నె, హ... (మీసం దువ్వి) "టీకి డబ్బులు అడిగితే నాగయ్య హరీమన్నాడు."

(కామాక్షి మార్కరు కింద పెట్టి ఆయన్ని తేరిపార చూసింది. గొడవ మొదలయ్యాక ఆమెకి మాట రాకపోవడం ఇదే మొదలు.)

కామాక్షి: ...ఇది కార్డులో రాసుకుంటా.

పెంచలయ్య: రాసుకో. పేరు కూడా రాయి, పెంచలయ్య సూత్రమని. అడుగున ఏముండాయి?

కామాక్షి: అరికాల్లో కండరాలు నాలుగు పొరలు.

పెంచలయ్య: నాలుగ్గిన్నెల క్యారియరన్నమాట.

కామాక్షి: సరిగ్గా అంతే. చర్మం వైపు నించి లెక్క. మొదటి పొరలో మూడు, రెండోదాంట్లో క్వాడ్రేటస్ ప్లాంటీ, నాలుగు లంబ్రికల్స్. మూడోదాంట్లో మళ్ళీ మూడు, నాలుగోదాంట్లో ఇంటరోసియై. పుస్తకం మూసి తెల్లకాయితం మీద పాదం ఆకారం నాలుగుసార్లు గియ్యాల, ఒక్కోదాంట్లో ఒక్క పొర. ఆ తర్వాతే పుస్తకం తెరిచి తప్పుల్ని ఎర్రపెన్నుతో దిద్దుకోవాల. మర్నాడు ఎర్రగా ఉన్నవే మళ్ళీ. నల్లగా ఉన్నవాటి జోలికి పోకూడదు.

పెంచలయ్య: వచ్చినదాన్ని మళ్ళీ చదివితే ఎంత సుఖంగా ఉంటుందో నీకేం తెలుసు.

కామాక్షి: తెలుసు కాబట్టే చెప్తున్నా. ఇంక ల్యాబు పరీక్ష. శవాల మీద అక్కడక్కడా పిన్నులు గుచ్చి ఉంటాయి. ఒక్కో పిన్ను దగ్గర ఒక నిమిషం, అది గుచ్చిన భాగం పేరు చెప్పాల. గంట కొడితే పక్కదానికి జరగాల, వెనక్కి పోనియ్యరు.

పెంచలయ్య: గంటా? ఎవురు కొడతారు?

కామాక్షి: ల్యాబు వాళ్ళు.

పెంచలయ్య: ఆ ఉద్యోగానికి జీతమెంతిస్తారో కనుక్కో.

కామాక్షి: నాన్నా! ఆ నిమిషంలో పిన్ను మొననే చూస్తూ నిలబడితే ఏమీ తేలదు. అది ఎక్కడినించి వచ్చి ఎక్కడికి పోతుందో కళ్ళతోనే వెంటబడాల. టెండనైతే తెల్లగా మెరుస్తూ ఒక చివర కండలో, ఇంకో చివర ఎముకలో కలుస్తుంది. నెర్వ్ అంత మెరవదు, కొమ్మలేసుకుంటా పోతుంది. ఆర్టరీ గోడ మందంగా ఉంటుంది, వెయిన్ చప్పిడిగా అణిగి ఉంటుంది. ఇదంతా రావాలంటే క్లాసయ్యాక మళ్ళీ ల్యాబుకి పోవాల, ముగ్గురం. ఒకరు చూపించాల, ఒకరు చెప్పాల, ఒకరు పుస్తకం పట్టుకోవాల.

పెంచలయ్య: నాలుగోవాడొస్తే?

కామాక్షి: చిప్సు తెస్తాడు, కబుర్లు మొదలవుతాయి.

పెంచలయ్య: శవాల దగ్గరినించి నేరుగా వంటింట్లోకి పోతావా?

కామాక్షి: ల్యాబు బట్టలు వేరే జత. ఫార్మలిన్ వాసన ఒక పట్టాన వదలదు. రాగానే తలస్నానం, ఆ తర్వాతే పొయ్యి.

పెంచలయ్య: మీ జేజి చెప్పిందీ అదే గదా! దానికి అమెరికా పోవాల్నా?

కామాక్షి: జేజి చేపల పులుసు కూడా నేర్పింది, అదే నన్ను కాపాడుతోంది. ఆదివారం మధ్యాహ్నం గంటన్నర పొయ్యి దగ్గర, మూడు రోజులకి సరిపడా. పులుసు మర్నాటికే రుచి కాబట్టి బాధ లేదు. అన్నం మాత్రం బయట వదలకూడదు. రెండు గంటల్లోపల ఫ్రిజ్‌లో పడాల.

పెంచలయ్య: ఆదివారం పొద్దునేం చేస్తావు?

కామాక్షి: ఏమీ చెయ్యను. సాయంత్రం దాకా పుస్తకం తెరవను.

పెంచలయ్య: ఖాళీగా ఉండి కూడా మాకు ఫోను చెయ్యవు! నేనే రోజూ చెయ్యాల. ఏడున్నరకి అన్నం ముందర కూర్చుని చేస్తా, ఎత్తవు.

కామాక్షి: నీకు రాత్రి ఏడున్నరంటే చలికాలం నాకు పొద్దున తొమ్మిది. ఎండాకాలం పది. రెండూ క్లాసే. ఫోను జేబులో గుర్రుమంటుంటే ప్రొఫెసరు నన్నే చూస్తాడు. ఆదివారం అదే టైముకి చెయ్యి, గంటసేపు మాట్లాడతా. మిగతా రోజుల్లో మెసేజి పెట్టు. ఇంకో మాట. నా నంబరు ఊరందరికీ ఇవ్వబాక. ఫోను తెరిస్తే పాదాలే! పెదనాన్న పగుళ్ళు, రవణత్త ఆనెకాయ, ఎవరిదో తెలియని బొటనవేలు. ఒక్కరూ బాగున్నావా అనలా.

పెంచలయ్య: డాక్టరువి గదా, చెప్పకూడదా?

కామాక్షి: ఇంకా కాలేదు. మొదటేడు వాళ్ళు వైద్యం చెప్పకూడదు. పొగతోట నిండా డాక్టర్లున్నారు, చూపించుకోమను. నువ్వు కూడా. షుగరుండి డాబా మీద ఉత్తకాళ్ళతో తిరుగుతున్నావు. ముల్లు దిగినా తెలియని రోజు వస్తుంది. రోజూ రాత్రి అరికాళ్ళూ వేళ్ళ సందులూ చూసుకో. మడమలకి క్రీము రాసుకో, వేళ్ళ మధ్య మాత్రం వద్దు, తడి నిలుస్తుంది.

పెంచలయ్య: ఇప్పుడు చెప్పింది వైద్యం గాదా?

కామాక్షి: కాదు, కూతురి గోల. దూది, స్పిరిట్ తీసుకురా, ఈ రంగు తుడిచేస్తా. సబ్బుకి పోదు.

పెంచలయ్య: తుడవబాక.

కామాక్షి: రేపు శనివారం, రంగనాయకుల గుడికి పోవాలన్నావు. నీలం గీతల కాళ్ళతో పోతావా?

పెంచలయ్య: పొద్దున నువ్వడిగితే చూపించలేకపోయా గదా. సాయంత్రం మళ్ళీ టెస్టు పెట్టు. సాక్సులేసుకుంటా. ఏసుకుంటే ప్రశ్న, ఇప్పితే జవాబు. కార్డంటే అంతే గదా?

కామాక్షి: ...అంతే. ఎన్నింటికి?

పెంచలయ్య: తొమ్మిది నలభైకి.

కామాక్షి: తొమ్మిదిన్నరకి మూత అని చెప్పానా?

(పెంచలయ్య ఈల తీశాడు. కామాక్షి లాక్కుంది.)