పక్క వీధికి వద్దు, చికాగోకు సరే

విజయవాడ జనానికి పక్క వీధి చుట్టాలకంటే అమెరికా చుట్టాలతోనే మాటామంతీ ఎక్కువైందని కొందరు పెద్దలు బాధపడుతున్నారు. రక్తసంబంధాలు పలచబడ్డాయని వాళ్ల ఆరోపణ. ఇది అన్యాయం. లోపం మన రక్తంలో లేదు, ఇంటర్నెట్ టెలిఫోనీ, అంటే ఇంటర్నెట్ మీద ఫోన్ చేయడం, దాని పాత నిబంధనల్లో ఉంది.

2002 ఏప్రిల్ 1న (తేదీ గురించి నేనేమీ అనడం లేదు) ఇంటర్నెట్ మీద మాట్లాడుకోవడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు మాట్లాడవచ్చు. కంప్యూటర్ నుంచి విదేశంలోని ఫోన్‌కూ చేయవచ్చు. స్వదేశంలోని ఫోన్‌కు మాత్రం చేయరాదు. అంటే అప్పట్లో మన పటమట నెట్ సెంటర్లో కూర్చున్న మావయ్యగారు చికాగోలో మేనల్లుడి ఇంటి ఫోన్ దర్జాగా మోగించవచ్చు. అదే కుర్చీలోంచి ఇదే ఊరి కృష్ణలంకలోని సొంత చెల్లెలి ఫోన్ మోగిస్తే ఉల్లంఘన అయ్యేది. ఆవిడతో మాట్లాడాలంటే ల్యాండ్‌లైన్ ఎత్తాలి, లేదా సిటీ బస్సెక్కాలి, లేదా ఆవిణ్ని అమెరికా పంపాలి. మన ఊరు మూడో దారి పట్టింది.

ఇందులో న్యాయం లేకపోలేదు. దేశంలో ఫోన్లు మోగించే హక్కు కోసం టెలిఫోన్ కంపెనీలు భారీ ఫీజులు కట్టాయి. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు కట్టింది నామమాత్రం. కట్టనివాడి తీగ మీద గొంతు వెళ్తుంటే కట్టినవాడి కడుపు మండదా? పైగా ఈ లైసెన్సులన్నిటికీ మూలం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. అప్పటికి బెజవాడలో కృష్ణ మీద పాత ఆనకట్ట కట్టి 30 ఏళ్లు. ఆ ఆనకట్ట 1952లో తెగింది, 1957కల్లా ప్రకాశం బ్యారేజీ వచ్చింది. చట్టం మాత్రం తెగలేదు. దాని స్థానంలో ఇంకో చట్టం చేయడానికి 2023 దాకా పట్టింది. ఏ సిమెంటు వాడారో కనుక్కోవాలి.

ఈ అడ్డు తీసేయమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2008లో సిఫార్సు చేసింది. 2017లో మళ్లీ చెప్పింది. 2018 జూన్‌లో టెలికాం శాఖ సరేనంది: లైసెన్సున్న కంపెనీ ఇచ్చే ఇంటర్నెట్ ఫోన్‌తో, వైఫై ఎవరిదైనా సరే, దేశంలోని నంబర్లకు చేసుకోవచ్చు. ఎగిరి గంతేయాల్సిన జనం అప్పటికే వాట్సాప్ కాల్‌లో ఉన్నారు. ఎవరికీ వినపడలేదు. అత్యవసర నంబర్లకు కలపడాన్ని ఇలాంటి ఫోన్లకు తప్పనిసరి చేయనక్కర్లేదనీ, ఆ సంగతి వాడేవాళ్లకు చెబితే చాలనీ కూడా ట్రాయ్ అంది. మనకేం భయం లేదు. బాల్కనీలోకి వచ్చి కేక పెట్టడానికి ఇప్పటికీ లైసెన్సు అక్కర్లేదు, లొకేషన్ షేర్ చేయనక్కర్లేదు, వీధి మొత్తం వచ్చేస్తుంది.

పదహారేళ్లు ఆలోచించి కేంద్రం తన తలుపు తీసింది. ఇక మన ఇంట్లో దారి ఉందా అన్నది ప్రశ్న.

పోరంకిలో ఇల్లు కడుతున్న పెద్దమనిషి గేటు డిజైన్‌కు రెండు నెలలు ఆలోచిస్తాడు. నెట్ వైరుకు ఖాళీ పైపు వేద్దామా అంటే ‘వైఫై ఉందిగా’ అంటాడు. తొమ్మిదంగుళాల గోడలు రెండు దాటేసరికి వైఫైకి ఆయాసం వస్తుంది. రూటర్ స్థానం మీద మాత్రం చర్చ జోరుగా సాగుతుంది. కరెంటు వస్తువు కనుక ఆగ్నేయమని ఒక సిద్ధాంతి, గాలిలో మాట మోసేది కనుక వాయవ్యమని ఇంకో సిద్ధాంతి. ఇంటి నడుమ పెడితే అన్ని గదులకూ అందుతుంది, కానీ అది బ్రహ్మస్థానం. అక్కడ బరువు పెట్టకూడదు, పావు కేజీ అయినా సరే.

ప్లాస్టరింగ్ కాకముందే గదికో ఖాళీ పైపు వేసి, అన్నీ ఒకేచోటికి చేర్చడం ఉత్తమం. పాత ల్యాండ్‌లైన్‌లా ఈ గదిలోంచి ఆ గదికి ప్యారలల్ లాగితే కుదరదు, ఏ గది వైరు ఆ గదిదే. కరెంటు వైర్లున్న పైపులో దీన్ని దూర్చకూడదు. పైపులో వేసే నెట్ వైరు, అంటే క్యాట్ సిక్స్ రకం, అసలు రాగిదై ఉండాలి, రాగి పూత పూసిన అల్యూమినియం కాదు. ఇది వంద మీటర్ల దాకా పనిచేస్తుంది కాబట్టి, ప్లానులో చూపించినదానికంటే ఎక్కువ కట్టినవాళ్లకూ సరిపోతుంది.

ఇంకొకటి. పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి 48 వోల్టులు తీగలోనే వచ్చేవి. ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది. ఇప్పుడు నెట్ తెచ్చే ఫైబర్ తీగలో వచ్చేది వెలుతురు మాత్రమే. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే ఫైబర్ పెట్టె, రూటర్, ఫోన్ ముగ్గురూ కలిసి కన్నుమూస్తారు. ఇన్వర్టర్ లైను వాటి దాకా లాగాలి. సాధారణంగా అది టీవీ దగ్గర ఆగిపోతుంది.

పైపు వేయని ఇంటికి ఫైబర్ స్తంభం మీంచి దిగి, బాల్కనీకి అడ్డంగా వచ్చి, ఏసీ కోసం కొట్టిన కంతలోంచి లోపలికి దూరుతుంది. బాల్కనీలో అడ్డంగా ఉన్నదాన్ని ఖాళీగా వదిలే సంప్రదాయం మనకు లేదు. తడి దుప్పటి పడుతుంది. ఫైబర్ మరీ వంగితే అందులోని వెలుతురు పక్కకు కారిపోతుంది. ‘నాన్నా, కట్ అవుతోంది’ అంటాడు అబ్బాయి. నాన్నగారు వెంటనే కళ్లజోడు పెట్టుకుని ట్రాయ్‌కు ఫిర్యాదు రాయడానికి కూర్చుంటారు. దుప్పటి తీస్తానంటే మాత్రం అమ్మగారు ఒప్పుకోరు, అది ఇంకా ఆరలేదు.