ఎకనామిక్స్ చదివితే ఏమొస్తదని అడిగే పెద్దలకు

నిన్న హన్మకొండలో ఒక కెరీర్ గైడెన్స్ సమావేశానికి మా అక్క బిడ్డ వెంట వెళ్లాను. డిగ్రీ చివరి ఏడాదిలో లెక్కలు, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ చదువుతున్న ఆ పిల్ల, ఫైనాన్స్ రంగంలోకి వెళ్లడానికి ఎంఏ ఎకనామిక్స్ పనికొస్తుందా అని అడిగింది. ఆమె మాట పూర్తికాకముందే మైకు పట్టుకున్న పెద్దమనిషి, "ఎకనామిక్స్ చదివితే ఏమొస్తదమ్మా, లెక్చరర్ కొలువు కూడా దొరకది, ఎంబీఏ చెయ్యి" అని తేల్చేశాడు. పక్కనున్న మా బావ సరేనన్నట్టు తలూపాడు. నాకు ఇంకా కోపం చల్లారలేదు.

ఫైనాన్స్‌లో ఏ పని చేయాలనుకుంటున్నావని ఆయన ఒక్క మాటైనా అడగలేదు. ఆడిట్, పన్నులు కావాలంటే సీఏ చదవాలి, బ్రాంచీ వ్యవహారాలకు ఎంబీఏ సరిపోతుంది, అందులో నాకు పేచీ లేదు. కానీ వడ్డీ రేట్లు, బాండ్లు, రిస్క్, పరిశోధన వైపు వెళ్లదలచిన పిల్లను ఎకనామిక్స్ మానుకోమనడం అన్యాయం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే స్వల్పకాల అప్పు మీద వడ్డీని) 4 శాతం నుంచి 6.5 శాతానికి ఎందుకు పెంచిందో, రేటు పెరిగితే పాత బాండ్ల ధర ఎందుకు పడుతుందో లోతుగా తెలియనివారు ఆ పనిలో ఎన్నాళ్లు నిలబడతారు?

నేను బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేస్తాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి కొనే జిన్నింగ్ మిల్లు క్యాష్ క్రెడిట్ (సరుకు నిల్వ హామీ మీద వాడుకునే అప్పు) ఫైలు చూసేవారికి, 2025 ఆగస్టులో కేంద్రం పత్తిపై 11 శాతం దిగుమతి సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తివేసిన వార్త పత్రికలో చదివి పక్కన పెట్టేది కాదు. విదేశీ పత్తి చౌకగా దిగితే ఇక్కడి ధర మీద ఒత్తిడి పడుతుంది, ధర తగ్గితే గోదాములోని బేళ్ల విలువ తగ్గుతుంది, ఆ విలువ మీద లెక్కగట్టే డ్రాయింగ్ పవర్, అంటే మిల్లు బ్యాంకు నుంచి తీసుకోగల అప్పు పరిమితి కూడా తగ్గుతుంది, చివరికి రైతుకు అందవలసిన డబ్బు ఆలస్యమవుతుంది. పోయినేడాది బ్యాలెన్స్ షీటును ఎంత తిరగేసినా ఇది కనిపించదు.

రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా చేసిన మన తెలుగువారు వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు ఇద్దరూ ఎకనామిక్స్ చదివినవారే, అందులో సుబ్బారావు ఐఐటీలో ఫిజిక్స్ చదివాక ఇటు వచ్చారు. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష రాయాలంటే ఈ సబ్జెక్టులోనో దాని శాఖల్లోనో పీజీ ఉండి తీరాలి. 1991లో దేశం విదేశీ చెల్లింపుల సంక్షోభంలో ఉన్నప్పుడు ఆర్థిక శాఖను ఒక ఆర్థికవేత్త చేతిలో పెట్టిన పి.వి. నరసింహారావు పుట్టింది మన నర్సంపేట పక్కన లక్నేపల్లిలో. ఆ గడ్డ మీద నిలబడి ఈ చదువు దండగని ఒక ఆడపిల్లకు చెప్పడానికి నోరెలా వచ్చింది?

అయినా నా అసలు కోపం ఆ పెద్దమనిషి కంటే పాతది. ఇంటర్‌లో చేరేటప్పుడు మా సార్లు, "నీకు లెక్కలెందుకు, హెచ్ఈసీ తీసుకో, ఎకనామిక్స్ ఈజీ" అన్నారు. ఎకనామిక్స్ అంటే ఏమిటో చెప్పే మార్షల్ నిర్వచనం, రాబిన్స్ నిర్వచనం నోట్సు చెప్పి రాయించారు, డిమాండ్ రేఖను గైడు చూసి గీయించారు, ఆ రేఖ వెనకున్న సమీకరణాన్ని మాత్రం ఎవరూ చూపలేదు. పేరున్న సంస్థల్లో ఎంఏ ప్రవేశ పరీక్షలు కాల్క్యులస్, మాత్రికలు, సంభావ్యత అడుగుతాయని మాకు తెలిసేసరికి డిగ్రీ అయిపోయింది. తెలివైన పిల్లలకు ఆ తలుపులు అలా మూసినవారు, ఇప్పుడు ఎకనామిక్స్ చదివినవారికి కొలువులు రావడం లేదని వారినే తప్పుపడుతున్నారు. లెక్కలు, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంకాలతో పరీక్షించే పద్ధతి) లేని ఎంఏ ఫైనాన్స్‌లో చెల్లదన్నది నిజమే, కానీ ఆ దోషం నేర్పినవారిది.

మా అక్క బిడ్డకు లెక్కలున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ కోసం సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయమని, అందులో చేరాక ఎకనామెట్రిక్స్ వదలొద్దని, సీఎఫ్ఏ (పెట్టుబడుల విశ్లేషణలో అంతర్జాతీయ అర్హత పరీక్ష) మొదటి లెవల్‌కూ చదవమని రాత్రే చెప్పాను. బావకు ఇంకా ఎంబీఏ మీదే మనసుంది. ఆదివారం వాళ్లింటికి వెళ్లి మళ్లీ మాట్లాడతాను.